బోర్డు మీద తెలుగును పిండొద్దు

సంపాదకులకు,

షోరూములు, హోటళ్ల బోర్డుల మీద ఇంగ్లీషు పేరును బెబాస్ న్యూ, ఆస్వాల్డ్ లాంటి సన్నటి, పొడుగాటి కండెన్స్‌డ్ ఫాంట్లలో వేయడం ఇప్పుడు మామూలైంది. ఇరుకు జాగాలో పెద్ద అక్షరం పడుతుంది, బాగానే ఉంటుంది. చిక్కంతా కింద వేసే తెలుగుతోనే. జోడీ కుదరాలని మామూలు తెలుగు ఫాంటునే కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పక్కనుంచి నొక్కి 60 శాతానికి కుదించేస్తున్నారు.

అలా నొక్కితే 10 మిల్లీమీటర్ల నిలువు గీత 6 అవుతుంది, అడ్డగీత 10 దగ్గరే ఉంటుంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో నిలువు గీతలెక్కువ కాబట్టి కాస్త తట్టుకుంటాయి. మన గుండ్రటి అక్షరాలకు పక్కలు బక్కచిక్కి, పైనా కిందా లావెక్కుతాయి. ‘వస్త్రాలయం’ చూడండి: ‘స’ కింద త వత్తు, క్రావడి రెండూ ఒకేచోట సర్దుకోవాలి. నొక్కగానే వాటి మధ్య సందు పూడిపోయి, రోడ్డు అవతలి నుంచి నల్లటి ముద్దే కనిపిస్తుంది. ‘థ’లో చుక్కదీ అదే గతి. ఏక్రిలిక్ అక్షరాల్లో ఎల్‌ఈడీ వెలిగితే వెలుతురు అంచులు దాటి, మిగిలిన సందులనూ మింగేస్తుంది.

అసలు కండెన్స్‌డ్ అంటే నొక్కింది కాదు, ఇరుకు కొలతకు విడిగా గీసింది. 1903 నాటి ఆల్టర్నేట్ గోథిక్ అనే ఇంగ్లీషు ఫాంటును అమెరికన్ అక్షర రూపకర్త మారిస్ ఫుల్లర్ బెంటన్ మూడు వెడల్పుల్లో వేర్వేరుగానే రూపొందించాడు. సీసపు అచ్చును ఎవరు నొక్కగలరు! తెలుగులోనూ అలాంటిది ఉంది. ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వాళ్ల ‘అనేక్ తెలుగు’ ఫాంటులో వెడల్పు (మామూలుది 100) 75 నుంచి 125 దాకా, గీత మందం 100 నుంచి 800 దాకా మార్చుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మీ సాఫ్ట్‌వేర్ ఇలా వెడల్పు, మందం మార్చుకునే వేరియబుల్ ఫాంటును తీసుకోకపోతే, అదే డౌన్‌లోడ్‌లో ఉన్న కండెన్స్‌డ్ ఫైళ్లు వాడండి. కోరల్‌డ్రా పాత వెర్షన్లలో యూనికోడ్ వత్తులు విడిపోతే ఇంక్‌స్కేప్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, పాత్‌గా (అక్షరాలను బొమ్మ గీతలుగా) మార్చి తెచ్చుకోండి. వెడల్పు 75 దగ్గర మరీ లావు మందం పెట్టొద్దు, సందులు మళ్లీ మూసుకుంటాయి.

ఇంకో పొరపాటు, రెండు భాషలనూ ఒకే ఎత్తు పెట్టెలో ఇరికించడం. తెలుగు పెట్టెలో పైన గుడి, కింద వత్తు పోగా అసలు అక్షరానికి మిగిలేది సగమే. తలకట్టుతో కలిపి ‘వ’ ఎత్తును ఇంగ్లీషు పెద్దక్షరానికి సమానం చేయండి. కింద వత్తులకు ఆ ఎత్తులో కనీసం సగం ఖాళీ వదలండి.

ఖరారు చేసేముందు పరీక్ష సులువు. ఎనిమిదడుగుల బోర్డు డిజైన్‌ను పదో వంతుకు తగ్గిస్తే ఏ4 కాగితం మీద అడ్డంగా పడుతుంది. బోర్డును 50 అడుగుల నుంచి చదవాలంటే, ఆ కాగితాన్ని గోడకు అతికించి 5 అడుగుల దూరం నుంచి చూడండి. విషయం తెలియని మనిషి చేత చదివించండి, పేరు ముందే తెలిసిన యజమానికి ఎలా వేసినా చదవొస్తుంది. తడబడితే తెలుగును మామూలు వెడల్పులోనే రెండు వరుసలుగా వేయండి. ఇంగ్లీషు ఒక్క వరుసలో ఉన్నంత మాత్రాన తెలుగూ ఒక్క వరుసలోనే ఉండాలనేముంది?

– ఒక బోర్డు డిజైనర్, విజయవాడ