సొంత పిటిషన్‌తో క్యూ తగ్గదు

సంపాదకులకు నమస్కారం.

కంపెనీతో పనిలేకుండా అమెరికా గ్రీన్ కార్డు అంటూ ఈ మధ్య ప్రకటనలు ఎక్కువయ్యాయి. పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, ‘అక్కా, ఎన్‌ఐడబ్ల్యూ వేసుకుంటే రెండేళ్లలో కార్డు వచ్చేస్తుందంట. ఇంక మా కంపెనీ వాళ్లను అడగడం మానేస్తాను’ అన్నాడు. ఎన్‌ఐడబ్ల్యూ అంటే, మన పని అమెరికాకు మేలు చేస్తుందని చూపించి, కంపెనీ లేకుండా సొంతంగా వేసుకునే గ్రీన్ కార్డు పిటిషన్. వాడిలా అనుకుంటున్నవాళ్లు ఇంకెందరున్నారో అని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను టెక్సస్‌లో తాగునీటి ప్లాంట్లు డిజైన్ చేసే ఇంజనీర్‌ని. 2019లో మా కంపెనీ నాకు పర్మ్ వేసింది. ఆ ఉద్యోగానికి అమెరికాలో తగినవాళ్లు దొరకలేదని అక్కడి కార్మిక శాఖ దగ్గర తీసుకునే ధ్రువీకరణ అది, కంపెనీ ద్వారా గ్రీన్ కార్డుకు మొదటి మెట్టు. అది అప్రూవ్ కాకముందే, 2020లో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. పర్మ్ సంగతేంటని లాయర్‌కు మెయిల్ పెడితే మర్నాడు ఒక్క లైన్‌లో జవాబు వచ్చింది: వెనక్కి తీసుకుంటున్నాం. తర్వాతి మెట్టయిన ఐ-140 (గ్రీన్ కార్డు పిటిషన్) దాకా వెళ్లలేదు కాబట్టి, క్యూలో నా స్థానం చెప్పే ఆ ప్రయారిటీ డేట్ కూడా పోయింది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే అమెరికాలో ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. వంటింట్లో క్యాలెండర్ మీద రోజుకో గడి కొట్టేస్తూ ఉంటే 47వ రోజున కొత్త కంపెనీ నా పిటిషన్ వేసింది. అప్పుడు మా పాపకు మూడో నెల. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

అందుకే 2022లో సొంతంగా ఎన్‌ఐడబ్ల్యూ వేసుకున్నాను. ఒక చిన్న ఊరి ప్లాంట్ ఆపరేటర్, నా డిజైన్ వచ్చాక అక్కడి నీళ్లలో ఆర్సెనిక్ ఎంత తగ్గిందో లెక్కలతో రెండు పేజీల ఉత్తరం రాసిచ్చారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ఉత్తరాలకన్నా అదే నన్ను గట్టెక్కించిందని నా నమ్మకం. ఆ సొంత ఐ-140 అప్రూవ్ అయింది.

కార్డు మాత్రం రాలేదు. ఎన్‌ఐడబ్ల్యూ కూడా ఈబీ-2లోదే, అంటే పెద్ద డిగ్రీ లేదా ప్రత్యేక సామర్థ్యం ఉన్నవాళ్ల గ్రీన్ కార్డు కోటాలోదే. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 వీసాలు, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. భారత్‌లో పుట్టినవాళ్లకు ఈబీ-2 పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. కంపెనీ వేసినా మనం వేసుకున్నా నిలబడేది ఆ వరసలోనే. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే ఈబీ-1ఏ వరస వేరు, కానీ దానికి చూపించాల్సిన స్థాయి చాలా ఎక్కువ.

మరి నాకు దక్కిందేమిటంటే, రేపు ఉద్యోగం పోయినా ఈ పిటిషన్‌ను వెనక్కి తీసుకునే కంపెనీ లేదు. ఇంకో ఉద్యోగం చూసుకున్నా నా తేదీ నాతోనే వస్తుంది.

మా తమ్ముడికి చెప్పింది ఇదే. కంపెనీ పర్మ్ వేస్తానంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకు. ఆ ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి, నీ దగ్గర వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం. ఐ-140 అప్రూవ్ అయ్యాక కంపెనీ వెనక్కి తీసుకున్నా మామూలుగా నీ తేదీ నిలుస్తుంది. చూపించుకోవడానికి నిజమైన పని ఉంటే పక్కనే సొంతదీ వెయ్యి. రెండూ అప్రూవ్ అయితే ముందున్న తేదీ పనికొస్తుంది. డబ్బు కట్టి అవార్డులు, పేపర్లు తయారు చేయించుకోవడం మాత్రం వద్దురా. మోసమని తేలితే ఏ వీసాకైనా జీవితాంతం అడ్డు పడొచ్చు.

మీకు ఒక మనవి. ఇలాంటి ప్రకటన వేసినప్పుడు భారతీయులకు ఈబీ-2 ఏ తేదీ దగ్గర నడుస్తోందో పక్కన ఒక్క లైన్ వేయండి. అమెరికా విదేశాంగ శాఖ వేసే వీసా బులెటిన్‌లో అది ప్రతి నెలా వస్తుంది.

ఇట్లు
ఒక తెలుగు ఇంజనీర్, టెక్సస్