స్టెప్పర్ మోటార్‌కి ఏ బోర్డు, ఏ భాష?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల రోబోటిక్స్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మన పేపర్లలో ఇలాంటివి రావడమే అరుదు కాబట్టి సంతోషం, కానీ ఆర్డ్యునో (మోటార్లు, లైట్లు నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) పాతబడిపోయింది, రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) కొనుక్కుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే అన్నీ అయిపోతాయన్నట్టు రాయడం మాత్రం నచ్చలేదు.

లైటు వెలిగించడానికి ఏ బోర్డైనా ఒకటే. స్టెప్పర్ మోటార్ అలా కాదు. బోర్డు పంపే ఒక్కో పల్సుకి (విద్యుత్ సంకేతానికి) ఒక్కో అడుగు చొప్పున తిరుగుతుంది, మంచి వేగంలో ఉండగా ఒక పల్సు ఆలస్యంగా వచ్చిందంటే గుర్రుమని మొరాయిస్తుంది, అడుగులు తప్పిన సంగతి బోర్డుకి తెలియను కూడా తెలియదు. రాస్ప్‌బెర్రీ పైలో నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, దానికి మన మోటార్ కాక సవాలక్ష పనులుంటాయి. చిన్న బోర్డుల కోసం చేసిన మైక్రోపైథానేమో మెమరీ శుభ్రం చేసుకోవడానికి మధ్యమధ్యలో ఆగుతుంది.

కొనేముందు చిన్న లెక్క వేసుకుంటే చాలు. మామూలు నీమా 17 సైజు స్టెప్పర్ మోటార్‌కి చుట్టుకి 200 అడుగులు, ఒక్కో అడుగుని పదహారు ముక్కలు చేసే మైక్రోస్టెప్పింగ్ పెడితే 3200. చుట్టుకి 8 మిల్లీమీటర్లు జరిపే లీడ్ స్క్రూ (మరలున్న కడ్డీ) బిగిస్తే మిల్లీమీటరుకి 400 పల్సులు. సెకనుకి 50 మిల్లీమీటర్లు కదలాలంటే 20 వేల పల్సులు కావాలి. ఆర్డ్యునో ఊనో మీద అందరూ వాడే యాక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) సెకనుకి 4 వేల పల్సుల దగ్గరే చేతులెత్తేస్తుంది. అదే 16 మెగాహెర్ట్జ్ చిప్ మీద జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామ్ 30 వేల దాకా ఇస్తుంది, ఎందుకంటే అది చిప్‌లోని టైమర్ ఠంచనుగా పిలిచే ఇంటరప్ట్‌లతో సీ భాషలో రాసింది. అలాంటప్పుడు పాతబడింది ఏది?

పిల్లవాడికి పైథానే ఇష్టమైతే బలవంతంగా సీ నేర్పక్కర్లేదు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో తీసుకోండి (పేరు ఒకటే అయినా ఇది లినక్స్ లేని మైక్రోకంట్రోలర్, అంటే ఆర్డ్యునో లాంటి బోర్డు, కొట్లో అడిగేటప్పుడు జాగ్రత్త), అందులోని పీఐఓ అనే భాగం ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా పల్సులు పంపుతుంది, ఎన్ని పంపాలో పైథాన్ చెబితే సరిపోతుంది. చేపలకి మేత వేసే డబ్బా, కిటికీ కర్టెన్ లాంటి నిదానం పనులకైతే ఏ బోర్డైనా, ఏ భాషైనా ఫర్వాలేదు.

బోర్డు పల్సులని అందుకుని మోటార్‌కి కరెంటు పంపే డ్రైవర్ ఊసే వ్యాసంలో లేదు, అసలు డబ్బులు తగలబడేది అక్కడే. కోఠి గుజరాతీ గల్లీలో ఏ4988 అనే డ్రైవర్ కొనుక్కొచ్చి, ఎక్కడో చూసి దాని మీద మోటార్ కరెంటు సెట్ చేసే చిన్న స్క్రూని 0.8 వోల్టులకి తిప్పేస్తారు. ఆ డ్రైవర్ బోర్డు మీది చిన్న నల్ల రెసిస్టర్ల మీద ఆర్100 అని ఉంటే మోటార్‌కి వెళ్లేది 1 ఆంపియర్, ఆర్050 అని ఉంటే అదే 0.8 వోల్టులకి 2 ఆంపియర్లు, ఇక డ్రైవర్ ముట్టుకుంటే వేలు కాలుతుంది. కరెంటు ఉండగా మోటార్ వైరు పీకితే డ్రైవర్ పోయినట్టే. మోటార్ సప్లై పక్కన 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టమని కూడా ఎవరూ చెప్పరు.

వచ్చే సంచికలో ఈ డ్రైవర్ల మీద ఒక అర పేజీ, వీలైతే కనెక్షన్ల బొమ్మతో సహా, వేయమని మనవి. రాయడానికి సరైనవాళ్లు దొరక్కపోతే రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ఉంది కదా, అక్కడ అడిగితే చెబుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్