పదును పుస్తకం మొదలుపెట్టిన ఏడాది: మెట్ట రైతుల సంఘం 2023-24 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక వర్షపాతం లెక్కతో మొదలయ్యేది. ఈసారి ఆ లెక్కను పక్కన పెట్టాను. ఎందుకో 2023 ఖరీఫ్‌ చూసిన మీకు చెప్పక్కర్లేదు. జూలై వానకు విత్తనం పడింది, మొలక బాగానే వచ్చింది. ఆగస్టులో మబ్బు మొహం చాటేసింది. దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు, మామూలు కంటే 36 శాతం తక్కువ కురిసింది. మన కళ్యాణదుర్గం వైపు చెనిక్కాయ (వేరుశనగ) పూతకొచ్చి ఊడలు, అంటే పూల నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగే రోజులవి. పైమట్టి గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు. దిగినా తడి లేకపోతే కాయ ఊరదు. తర్వాత పడిన జల్లులు వర్షపాతం పట్టీలోకి ఎక్కాయి గానీ కాయలోకి ఎక్కలేదు. ప్రభుత్వం ఆ ఖరీఫ్‌కు రాష్ట్రంలో 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మన అనంతపురం. ఆ వానైనా నేలలో ఎన్ని రోజులు నిలుస్తోందో ఇంతవరకూ మనం రాసిపెట్టుకోలేదు. అందుకే జూన్ సమావేశంలో పదును పుస్తకం, అంటే నేలలో తడిని వారం వారం రాసే పుస్తకం, పెట్టాలని నిర్ణయించాం. ఎనిమిది మంది సభ్యులు తమ చేలల్లో ప్రతి సోమవారం జానెడు లోతున ఒకసారి, మూరెడు లోతున ఒకసారి మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూశారు. ముద్ద కట్టిందా, కట్టి విరిగిందా, పొడిగా రాలిందా అన్న మూడు మాటల్లో ఒకటి రాశారు. ముందు ఒక తేమ మీటరు కొన్నాం. మన గరుసు నేలలో దాని ముల్లు పక్కపక్కనే గుచ్చినా వేర్వేరు అంకెలు చూపింది. రెండు వారాలకే పక్కన పెట్టేశాం. ప్రయోగశాలలో అయితే మట్టిని తూచి, 105 డిగ్రీల వేడిలో ఒక రోజు ఆరబెట్టి మళ్ళీ తూస్తారట. అది ప్రతి వారం మనవల్ల అయ్యే పని కాదు. ఉపగ్రహాలు కూడా తేమను కొలుస్తున్నాయి. 2015లో నాసా పంపిన స్మాప్ అలాంటిదే. కానీ అది నేరుగా చూడగలిగేది పైన 5 సెంటీమీటర్ల తడినే. కంది వేరు ఎక్కడుంటుందో మనకు తెలుసు కదా, మూరెడు లోతు తవ్వి చూడాల్సింది మనమే.

పుస్తకం తిరగేస్తే నన్ను బాగా కలవరపెట్టింది తడి ఆరిపోయిన వేగం. పెద్దవాళ్ళు "మంచి వాన పడితే రెండు వారాలు భయం లేదు" అనేవారు. ఆగస్టులో ఎర్ర నేలల్లో వారం తిరిగేసరికే జానెడు లోతున మట్టి పొడిగా రాలింది. గాలి వేడెక్కే కొద్దీ దాని దాహం పెరుగుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ఆ ఆవిరి మన మట్టిలోంచీ ఆకుల్లోంచీ పోతుంది. నేల ఆరిపోయాక ఆవిరవడానికి నీరు ఉండదు కాబట్టి ఎండంతా నేలను, గాలిని కాల్చడానికే సరిపోతుంది. మరుసటి రోజు ఇంకా ఎక్కువ వేడి. అంటే బెట్ట (వాన లేని ఎండు రోజులు) తనను తానే ముదరబెట్టుకుంటుంది. ఎండిపోతున్న ప్రాంతాల్లో పూర్వం పదేళ్ళకోసారి వచ్చే సాగు కరవు ఇప్పుడు 1.7 రెట్లు ఎక్కువసార్లు వస్తోందనీ, భూమి సగటు వేడి 2 డిగ్రీలు పెరిగితే అది 2.4 రెట్లు అవుతుందనీ వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక అంచనా. ఒక్కో రెట్టూ మన ఇళ్ళల్లో ఎంత అప్పో, ఎంత టెన్షనో మనకే తెలుసు.

పక్కపక్క చేలు రెండింటి సంగతి మాత్రం తప్పక చెప్పాలి. పడిన వాన ఒకటే, మట్టి ఒకటే. ఒకాయన వానలకు ముందే నవధాన్యాలు చల్లి, ఆ పచ్చిరొట్టను, కంది పొట్టును నేల మీదే కప్పి ఉంచారు. ఇంకొకాయన ఎప్పటిలాగే దున్ని వదిలేశారు. కప్పిన చేనులో జానెడు లోతున ముద్ద కట్టడం మరో నాలుగు రోజులు సాగింది. గుంటకతో పైపాటు చేసిన, అంటే పైమట్టిని గుల్ల చేసిన చేలల్లోనూ పగుళ్ళు పూడి కొంత మేలు కనిపించింది. అయితే ఆగస్టు చివరికి రెండు చేలూ వాడిపోయాయి. కప్పు వేస్తే కరవు రాదని ఎవరికీ చెప్పకండి, అది అబద్ధం. నాలుగు రోజులు ఆగగలిగితే మధ్యలో ఒక్క జల్లు పడినా పైరు తేరుకుంటుంది, అంతవరకే.

మిగతా పనులు: రెండు నీటి కుంటల్లో పూడిక తీయించాం. విత్తనాల పంపిణీ ఆలస్యమైంది, అది కార్యవర్గం తప్పే. జమాఖర్చుల పట్టీ సంఘం గది గోడకు అంటించాం.

కేంద్రం 2016లో తెచ్చిన కరవు నిర్వహణ మాన్యువల్‌లో నేల తేమ కూడా ఒక సూచిక. కాబట్టి వచ్చే ఖరీఫ్‌లో బెట్ట వస్తే మన పుస్తకం నకలును మండల వ్యవసాయాధికారికి ఇవ్వాలని తీర్మానించాం. ఎనిమిది చేలు సరిపోవు, కనీసం ఇరవై కావాలి. నల్లరేగడి ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు, ముందు వాళ్ళు రావాలి. పేర్లు ఇచ్చినవాళ్ళు రోహిణి కార్తె లోపే గడ్డపార, మూర కొలత గీసిన కర్ర సిద్ధం చేసుకోండి. తొలి వాన పడిన మర్నాటి నుంచే రాయడం మొదలు.

ఇట్లు,
కార్యదర్శి