కాలిన గాయానికి జెల్ కంటే ముందు లోతు చూడాలి

సంపాదకుడు గారికి,

కాలిన గాయాలకు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాస్తే చర్మం దానంతటదే వచ్చేస్తుందన్న నమ్మకంతో, గ్రాఫ్టింగ్ (ఒంటిమీద మరోచోటి చర్మం తీసి అతికించడం) చేయాల్సిన గాయానికి కూడా వారాల తరబడి ట్యూబులు కొంటూ కూర్చోవడం ప్రమాదం. మందు మంచిదే, హైదరాబాద్‌లోనే తయారవుతోంది కూడా. అయితే అది అన్ని గాయాలకూ పనికొచ్చేది కాదు.

ఈ జెల్‌లో ఉండే ఈజీఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) అనే ప్రోటీన్ చర్మకణాలను విభజన చెందమని, గాయం మీదికి పాకమని ప్రేరేపిస్తుంది. పైచర్మం పోయినా వెంట్రుకల కుదుళ్లలో, చెమట గ్రంథుల్లో ఆ కణాలు బతికే ఉంటాయి. కాలిన చోటు గులాబీ రంగులో, తడిగా, ముట్టుకుంటే మంటగా ఉండి, వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే జెల్‌తో ప్రయోజనం ఉంటుంది. తెల్లగానో నల్లగానో తోలులా బిరుసెక్కి, సూది గుచ్చినా తెలియకపోతే కుదుళ్లు కూడా కాలిపోయాయన్నమాట. అక్కడ జెల్ రాయడం విత్తనం లేని చేలో ఎరువు చల్లడమే. మాడిన చర్మం తీసేసి గ్రాఫ్ట్ వేయాల్సిందే. ఆలస్యమైతే చీము పడుతుంది, మచ్చ బిగుసుకుపోతుంది. మెడ కాలినవారికి గడ్డం ఛాతీకి అతుక్కుపోతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో గాయం ఇంకా లోతుకు దిగవచ్చు కాబట్టి మొదటి రోజు అంచనాతోనే సరిపెట్టుకోకూడదు.

ఫలితం ఎంతో కూడా చెప్పాలి. 1989లో అమెరికాలో 12 మంది రోగులకు, గ్రాఫ్ట్ కోసం చర్మం తీసిన రెండు చోట్లలో ఒకచోట కాలిన గాయాలకు మామూలుగా రాసే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్‌లో ఈజీఎఫ్ కలిపి, రెండోచోట ఈజీఎఫ్ లేని అదే క్రీమ్ రాశారు. ఈజీఎఫ్ రాసిన చోటు సగటున సుమారు ఒకటిన్నర రోజు ముందు మానింది. లాభం నిజమే, అద్భుతమేమీ కాదు.

ఆ కాస్త లాభమైనా దక్కాలంటే వాడే పద్ధతి సరిగా ఉండాలి. చీములోని ఎంజైములు ఈ ప్రోటీన్‌ను ముక్కలు చేసేస్తాయి. అందుకే ముందు సెలైన్‌తో కడిగి, చచ్చిన పొర తీసి, ఆ తర్వాతే పలుచగా రాసి, గాయానికి అంటుకోని గాజ్ గుడ్డతో కట్టు కట్టాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే కొత్త కణాలే చస్తాయి. ఇలాంటి ప్రోటీన్ మందులను సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, మే నెల ఎండలో అరమీదా వదిలేయకూడదు.

ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల కాలిన గాయాల వార్డులకు ఈ జెల్ కొనివ్వాలి. దాంతోపాటు మూడో రోజున గాయం లోతు కేసు షీటులో రాయడం తప్పనిసరి చేయాలి. లోతైన గాయాలను జెల్ పేరుతో ఆపకుండా వెంటనే ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి పంపాలి. ఔషధ తనిఖీ అధికారులు మెడికల్ షాపుల ఫ్రిజ్‌లు, వాటి ఉష్ణోగ్రత రికార్డులు చూడాలి.

– ఒక ప్లాస్టిక్ సర్జన్, హైదరాబాద్