మంత్రి గారూ, ఆ తలుపు ఎన్ని అంగుళాలు?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఏ శాఖ మంత్రి గారికి అన్నది రాయలేదు. మర్యాద తెలియక కాదు. విహార ఓడలో గది తలుపులోంచి మా అన్నయ్య పాప చక్రాల కుర్చీ పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకు ముందు మూడు అర్జీలు శాఖ పేరు, హోదా, పిన్‌కోడుతో సహా సరిగ్గా రాసే పంపాను. మొదటి ఆఫీసు వాళ్లు ఇది వికలాంగుల విషయం, అటు రాయండి అన్నారు. అటు రాస్తే, ఓడల్లో గదులు తలుపులు మా పరిధిలోకి రావు అన్నారు. మూడో ఆఫీసు నుంచి అర్జీ ముట్టినట్టు ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు ఇప్పటికీ నా ఫోన్లో భద్రంగా ఉంది, అంతకు మించి ఏమీ రాలేదు. కాబట్టి ఈసారి ఈ ఉత్తరం ఎవరి బల్ల మీద పడితే వారే మా మంత్రి గారు అనుకుని రాస్తున్నాను.

మాది చెన్నై, పెరంబూరు. నాన్నగారికి రైల్వేలో ఉద్యోగం రావడంతో విశాఖ వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాం. మా ముత్తాత ఓడెక్కి బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లాడు. 1942లో జపాన్ వాళ్లు వచ్చి పడితే అందరితో పాటు కాలినడకన తిరిగొచ్చాడు. వెళ్లింది ఓడలో, వచ్చింది నడిచి. మా ఇంట్లో ఓడ ఎక్కిన మనిషి ఆయనొక్కడే. ఈ వేసవిలో ఏడుగురం ఎక్కుదామనుకున్నాం. నేను, మావారు, మా బాబు, మా అన్నయ్య, వదిన, వాళ్ల పాప, అమ్మ. నాలుగేళ్లుగా వదినా నేనూ కలిసి చీటీ కట్టి దాచిన డబ్బు ఇది.

మా బాబుకి 11 ఏళ్లు. ఆటిజం. మాటలు తక్కువ, పరుగు ఎక్కువ. అన్నయ్య వాళ్ల పాపకి 8 ఏళ్లు. సెరెబ్రల్ పాల్సీ, చక్రాల కుర్చీలోనే ఉంటుంది, నోరు మాత్రం మా అందరికన్నా పెద్దది. ఇద్దరికీ యూడీఐడీ కార్డులు, అంటే ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డులు, ఉన్నాయి.

ఇలాంటి పిల్లలతో ఓడ ప్రయాణం ఎందుకు, ఇంట్లో కూర్చోక, అని మా బంధువులు కూడా అడిగారు. మీకూ అనిపించవచ్చు. మా వాడికి ఊరు మారినా పర్వాలేదు, గది మారితేనే కష్టం. హోటలు మారిన ప్రతిసారీ కొత్త మంచం, కొత్త వాసన, కొత్త ఫ్యాను చప్పుడు. రెండు రాత్రులు నిద్రపోడు, మమ్మల్ని పోనివ్వడు. ఓడలో అయితే ఒకసారి పెట్టె విప్పితే చాలు. గదే మనతో పాటు వస్తుంది. పాపకైతే బస్సు మెట్లు, రైలు మెట్లు ఎక్కించి దించే పని ఉండదు. సముద్రం మీద ముచ్చట కూడా ఉందనుకోండి. 2022 నవంబరులో మెరీనాలో చక్రాల కుర్చీల కోసం 263 మీటర్ల చెక్కబాట వేశారు కదా, వేసిన వారంలోనే వెళ్లాం. పాప మొదటిసారి అలని చేత్తో తాకింది. రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుఫానుకి ఆ బాట దెబ్బతింది, తర్వాత బాగుచేశారు, అది వేరే సంగతి. ఆ రోజు పాప అడిగింది, "అత్తా, నీళ్ల మీద పోయే కుర్చీ ఉంటుందా?" అని. ఉంటుందమ్మా, ఓడ అంటారు దాన్ని, అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఈ తిప్పలన్నీ.

ఇక అసలు విషయం. పాప కుర్చీ వెడల్పు, చక్రం అంచు నుంచి చక్రం అంచుకి, 22 అంగుళాలు. ఓడల్లో మామూలు గదుల తలుపులు చాలా వరకు 22, 23 అంగుళాల దగ్గరే ఆగిపోతాయి. చక్రాల కుర్చీల కోసం ప్రత్యేకంగా కట్టిన గదుల తలుపులు 32 అంగుళాలు తెరుచుకుంటాయి. ఈ లెక్క నేను చదువుకుని తెలుసుకున్నది. నాకు కావలసింది మేం ఎక్కబోయే ఓడలో, మాకు ఇవ్వబోయే గది తలుపు ఎన్ని అంగుళాలు అన్న ఒక్క అంకె. దానికోసం పదకొండు ఫోన్లు చేశాను. కంపెనీ పేరు, ఏజెంటు పేరు రాయను. ఒకరని కాదు, అడిగిన ముగ్గురూ అంతే.

మొదటి ఫోన్లో అమ్మాయి చాలా ముద్దుగా, "మా షిప్ వీల్‌చెయిర్ ఫ్రెండ్లీ మేడమ్" అంది. సంతోషం, ఫ్రెండ్లీ అంటే ఎన్ని అంగుళాలమ్మా అన్నాను. లైను హోల్డులో పెట్టింది. పాట వినిపించింది, లైను కట్ అయింది. మూడో ఫోన్లో ఒకాయన, "అస్సలు నడవలేదా? గోడ పట్టుకుని నాలుగడుగులు కూడానా?" అని అడిగాడు. నాలుగడుగులు వేయగలిగితే వేయించమా? ఐదో ఫోన్లో, "మా స్టాఫ్ ఎత్తి లోపల పెడతారు, టెన్షన్ పడకండి" అన్నారు. మంత్రి గారూ, దానికి ఎనిమిదేళ్లు. ముక్కూ మొహం తెలియని మగవాళ్లు రోజుకి ఆరుసార్లు ఎత్తి దించడానికి అది సూట్‌కేసు కాదు. ఆ మాటే అన్నాను. "అలా అయితే ముందు డబ్బు కట్టి బుక్ చేసుకోండి, తర్వాత రిక్వెస్ట్ పెడతాం" అన్నారు. తర్వాత తలుపు చిన్నదని తేలితే? రద్దు చేసుకోవచ్చు, కానీ డబ్బులో పెద్ద భాగం తిరిగి రాదు. ఇది వాళ్లు వెంటనే చెప్పారు, హోల్డులో పెట్టకుండా.

తొమ్మిదో ఫోను తర్వాత ఒక పీడీఎఫ్ పంపారు. ఆశగా తెరిచాను. ఈతకొలను, క్యాసినో, మెజీషియన్ ఫోటోలున్నాయి. తలుపు ఉంది, మూసి ఉంది. పదకొండోసారి మాట్లాడినాయన మాత్రం నిజాయితీపరుడు. "మేడమ్, ఓడ ఇప్పుడు సముద్రంలో ఉంది, కొలవడం కుదరదు" అన్నాడు. సముద్రంలో టేపు పనిచేయదని నాకు ఆ రోజే తెలిసింది.

తలుపు ఒక్కటే అయితే బాగుండేది. ఓడల్లో బాత్రూములకి నీళ్లు బయటికి రాకుండా గడప ఎత్తు పెడతారట. మన ఇళ్లలో గడపకి పసుపు రాసి దండం పెడతాం. ఈ గడప ఎత్తు ఎంతో చెప్పగలిగిన మనిషి కనిపిస్తే ఆయనకి పెడతాను దండం.

బాబు సంగతి ఇంకో రకం. వాడికి చప్పుళ్లు పడవు. కుక్కర్ రెండో విజిల్ వేస్తే చెవులు మూసుకుని బాల్కనీలోకి పరుగెడతాడు, అందుకే పదేళ్లుగా మా ఇంట్లో పప్పు గిన్నెలోనే ఉడుకుతోంది. ఓడలో ప్రమాద హెచ్చరిక అంటే ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత. అంతర్జాతీయ నియమం ప్రకారం ఓడ కదలకముందో, కదలగానేనో ప్రయాణికులందరికీ ఆ డ్రిల్లు చేయించాలి. చేయించాలి, మేం వద్దనడం లేదు. ప్రమాదం వస్తే ముందు కాపాడుకోవాల్సింది వీళ్లనే. నేనడిగింది ఏమిటంటే, ఆ కూత ఏ టైముకి వేస్తారో చెప్పండి, అప్పటికి వాడి చెవులకి హెడ్‌ఫోన్స్ పెడతాను, నెల రోజుల ముందు నుంచి ఇంట్లో మెల్లగా అలవాటు చేస్తాను, జనం తక్కువున్న మూల ఒకటి చూపించండి అని. దానికి జవాబుగా ఒక ఫారం పంపారు. మా పిల్లవాడు "ఇతర ప్రయాణికులకు ఇబ్బంది కలిగించడు" అని మేం హామీ రాసివ్వాలట. పక్క గదిలో రాత్రి రెండింటిదాకా పాటలు పెట్టుకునేవాళ్ల దగ్గర కూడా ఇలాంటి హామీ తీసుకుంటారా అని అడగాలనిపించింది. అడగలేదు. గది కావాలి కదా.

బాల్కనీ ఉన్న గది వద్దు, కిటికీ లేని లోపలి గదే కావాలి అంటే కూడా ఎవరికీ అర్థం కాలేదు. "సీ వ్యూ ఉండదు మేడమ్" అని జాలిపడ్డారు. మా ఇంటి తలుపుకి గొళ్లెం మనిషెత్తు కన్నా పైన ఉంటుంది. బాల్కనీకి ఇనుప వల ఉంటుంది. అలాంటి ఇంట్లో బతికేవాళ్లకి సముద్రం కనిపించే బాల్కనీ అంటే ఏమిటో వాళ్లకి ఎలా చెప్పను?

ఇంకొకటి. కొత్త చోటికి వెళ్లే ముందు వాడికి ఫోటోల పుస్తకం చేస్తాను. మెట్రో రైలుకి అలాగే చేశాను. ఇది టికెట్ గేటు, ఇది లిఫ్టు, ఇక్కడ సంచి స్కాను చేస్తారు, ఇక్కడ నిలబడాలి. ఇప్పుడు వాడు స్టేషన్ల పేర్లన్నీ వరసగా అప్పజెప్తాడు, అమ్మా అని పిలవడం మాత్రం ఏడాదికి రెండుసార్లే. అలాగే ఓడ ఎక్కే చోట లైను ఎలా ఉంటుందో, సంచులు ఎక్కడ తీసుకుంటారో, మెట్లో ర్యాంపో ఒక నాలుగు ఫోటోలు అడిగాను. రేవు లోపల ఫోటోలు నిషేధం, భద్రతా కారణాలు అన్నారు. దేశ భద్రత ముఖ్యమే, కాదనను. నేనడిగింది యుద్ధనౌక ఫోటో కాదండీ, క్యూ ఫోటో.

చట్టం మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఒక్కటి చెప్పకుండా ఉండలేను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్లో బస్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాల్లో పార్కింగు, మరుగుదొడ్లు, టికెట్ కౌంటర్లు ఎలా ఉండాలో రాశారు. ఆ మూడింటి పక్కన రేవు అన్న ఒక్క మాట లేదు. దాని కిందే "అన్ని రవాణా సాధనాలు" అని ఉంది, ఓడ అందులోకి వస్తుందనే నా నమ్మకం. రేవులో మరుగుదొడ్డి మాత్రం ఎందులోకి వస్తుందో మీరే చెప్పాలి. రైలెక్కితే పాపకీ, తోడు వెళ్లే ఒకరికీ స్లీపర్లో టికెట్ మీద 75 శాతం రాయితీ ఉంది. విమానాల సంగతి చూస్తే, 2022 మేలో రాంచీలో వైకల్యం ఉన్న ఒక బిడ్డని ఎక్కనివ్వకపోతే ఆ సంస్థకి 5 లక్షల జరిమానా వేశారు. డాక్టరుని అడగకుండా అలా ఆపకూడదని నియమమే మార్చారు. ఓడ దగ్గర మమ్మల్ని ఆపితే ఎవరికి చెప్పుకోవాలో ఈ నాలుగో ఉత్తరం రాస్తున్నప్పటికి కూడా నాకు తెలియదు. అమెరికాలో 2005లోనే అక్కడి సుప్రీంకోర్టు, తమ జలాల్లో విదేశీ జెండాతో తిరిగే ఓడలకి కూడా తమ వికలాంగుల చట్టం వర్తిస్తుందని చెప్పింది. మన సుప్రీంకోర్టు 2024 నవంబరులో, అందుబాటు నియమాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి చేయండి, మూడు నెలల్లో రాయండి అంది. ఆ మూడు నెలలు ఎప్పుడో దాటాయి. పాటలో ఉన్న మా చీటీ కూడా అంతకన్నా వేగంగా వచ్చింది.

2024 సెప్టెంబరులో విహార ఓడల ప్రయాణాలు పెంచడానికి క్రూయిజ్ భారత్ మిషన్ మొదలుపెట్టారు. 2029 నాటికి ప్రయాణికులు రెట్టింపు కావాలన్నారు. మంచిదే. 2023లో విశాఖలో కొత్త క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు, మా అమ్మ టీవీలో చూసి మురిసిపోయింది, మన ఊళ్లో దిగుతామే అని. ఆ రెట్టింపు లెక్కలో మా ఏడుగురినీ కలుపుకోండి. పిల్లలిద్దరినీ వదిలేసి ఐదుగురం రాలేం. దివ్యాంగులు అని మాకు మంచి పేరు పెట్టారు. దివ్యం సంగతి తర్వాత చూద్దాం, ముందు కొలతలు చెప్పించండి.

నేను ఉచిత టికెట్ అడగడం లేదు. రాయితీ కూడా అడగడం లేదు, ఇస్తే కాదనను. ఓడ నడిపే ప్రతి కంపెనీ డబ్బు తీసుకోకముందే తలుపు కొలత, గడప ఎత్తు, డ్రిల్లు టైము కాగితం మీద చెప్పేలా చేయండి. రేవులో క్యూ ఫోటోలు ఇప్పించండి. ఆ హామీ ఫారం తీయించేయండి. ఎవరికి ఫిర్యాదు చేయాలో ఒక మనిషిని చూపించండి. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు తలుపు కొలత. మళ్లీ చెప్తున్నాను, తలుపు కొలత. మే నెల సెలవులు అయిపోతే బడి మొదలవుతుంది, థెరపీలు మొదలవుతాయి, ఇక వచ్చే ఏడాది మాటే.

ఈ ఉత్తరంతో పాటు ఒక బొమ్మ పంపుతున్నాను. పాప వేసింది. ఓడ గది తలుపు, దాని ముందు తన కుర్చీ. తలుపు మీద అంగుళాలు రాయడానికి ఒక డబ్బా గీసి ఖాళీగా వదిలింది. స్టాంపు అంటించి మా చిరునామా రాసిన కవరు కూడా లోపలే ఉంది. ఆ డబ్బాలో అంకె వేయించి పంపండి చాలు. కొలిచేవాళ్లకి ఒక్క మాట చెప్పండి. ఫ్రేము నుంచి ఫ్రేముకి కొలవద్దనండి. తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుని, తలుపు మందం పోగా మిగిలే సందు కొలవమనండి. అందరూ అక్కడే పొరబడతారు.

ఇట్లు,
ఒక తల్లి, ఒక మేనత్త
పెరంబూరు, చెన్నై