పన్‌చక్కీ తిరగాలంటే ముందు మట్టి గొట్టాలు బతకాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. షిర్డీ, ఘృష్ణేశ్వరం, ఎల్లోరా చూడబోయే తెలుగువాళ్లలో చాలామంది ఔరంగాబాదులో పన్‌చక్కీ దగ్గర కూడా ఆగుతారు. ఆ ఊరి పేరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. పన్‌చక్కీ అంటే నీటి తిరగలి. ఖామ్ నది ఒడ్డున, సూఫీ గురువు బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో ఉంది. దీనికి కొండల నుంచి నీళ్లు తెప్పించినవాడు తుర్క్‌తాజ్ ఖాన్ అనీ, అది 1744లో మొదటి నిజాం కొలువులో జరిగిందనీ చెబుతారు. 1956 నవంబరు 1 దాకా ఆ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. అందుకే ఈ మాట తెలుగు పత్రికకు రాస్తున్నాను.

దర్గాకు వచ్చేవాళ్లకూ, అక్కడ చదువుకునేవాళ్లకూ ఒకప్పుడు పిండి ఇక్కడే ఆడేవారు. ఈ తరహా మరలో గేర్లుండవు. రెక్కల చక్రం నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది, దాని ఇరుసు కింది రాయి మధ్యలోంచి పైకొచ్చి పై రాయిని పట్టుకుంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టే. రెండు రాళ్ల సందు పెరిగితే పిండి రవ్వలా దిగుతుంది, మరీ తగ్గితే రాళ్లు ఒరుసుకుని పిండి వేడెక్కి మాడు వాసన వేస్తుంది. రాయి నున్నబడితే గింజ జారిపోతుంది. అప్పుడు మన రోళ్లకు కొట్టినట్టే గంట్లు కొట్టాలి. ఈ పనులన్నీ ఒక మంచి రాతిపనివాడు చేసిపెట్టగలడు.

నీటి సంగతి అంత తేలిక కాదు. కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి, భూమిలో పాతిన మట్టి గొట్టాల్లో నీరు వస్తుంది. పల్లంలో దిగి, మళ్లీ ఎత్తైన గోడలోకి ఎక్కి, అక్కడి నుంచి కింది తొట్టిలోకి దూకుతుంది. మోటారు లేదు, మొదలు దగ్గరి ఎత్తే దాన్ని తోస్తుంది. ఆ తొట్టి అడుగే కింది హాలుకు పైకప్పు. మండు వేసవిలోనూ ఆ హాలు చల్లగా ఉండటానికి తలమీది నీళ్లే కారణం.

ఇలాంటి గొట్టానికి పల్లంలో పడ్డ చిల్లే అన్నిటికన్నా ప్రమాదం, ఒత్తిడి ఎక్కువుండేది అక్కడే. మిట్ట మీద గాలి చేరినా ధార తెగుతుంది. చెట్ల వేళ్లు అతుకుల్లోకి దూరతాయి, పూడిక పేరుకుంటుంది. పైన ఇళ్లు లేస్తే పునాదులు గొట్టాన్ని నలిపేస్తాయి, మురుగు లోపలికి ఊరుతుంది. నీరు మొదలయ్యే చోట బోర్లు వేస్తే ఊటే అడుగంటుతుంది.

లెక్క చూడండి. సెకనుకు 10 లీటర్ల నీరు 6 మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి దాదాపు 590 వాట్లు. రెక్కలకు తగలక చెదిరిపోయేది, రాపిడిలో పోయేది తీసేస్తే అందులో సగం దక్కినా గొప్పే. ధార సగానికి పడితే రాయి మెల్లగా తిరుగుతుందనుకుంటాం గానీ, చాలాసార్లు అసలు కదలదు, ముందు ఆ బరువును కదిలించాలి కదా. అలాంటప్పుడు మోటారు పెట్టి నీళ్లు తోడి చక్రం తిప్పితే చూసేవాళ్లకు బొమ్మ కనిపిస్తుంది, గొట్టం మాత్రం మట్టిలో చచ్చిపోతుంది.

కాబట్టి సంబంధిత అధికారులకు విన్నపం. గొట్టం దారంతా సర్వే చేసి రాళ్లు పాతించండి. ఆ దారి మీద కట్టడాలకూ, ఊట చుట్టుపక్కల కొత్త బోర్లకూ అనుమతి ఆపండి. జహీరాబాద్ పక్కనే ఉన్న బీదరులో నౌబాద్ కరేజ్ అనే పాత భూగర్భ నీటి కాలువకు పూడిక తీయించారు, ఆ అనుభవం ఉన్నవాళ్లను పిలవండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ధార కొలిచి గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము 20 సెకన్లలో నిండితే సెకనుకు 10 లీటర్లు. అదే డ్రమ్ముకు వచ్చే ఏడాది 40 సెకన్లు పడితే, ఆ వారమే గొట్టం వెంట మనుషుల్ని పంపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జహీరాబాద్