ఆ తీరానికి గుమ్మం మార్చారు రా!

ఒరేయ్ రాఘవా,

మీ బృందం వేస్తున్న పర్యాటక ప్రణాళిక గురించి నువ్వు రాసిన ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ముందు క్షమించు. తిట్లన్నీ కలిసినప్పుడు తీరిగ్గా తిట్టుకో, ఎలా తిట్టినా పడతాను. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పేపరు తనే చదువుకుంటోంది. పాప పరీక్షలు అయిపోయాయి. సుధ ఆఫీసు మారింది, కొత్త చోటు బాగానే ఉందట. ఇంకేం లేవు.

అసలు విషయం ఏంటంటే, మేం మాయా బే చూసొచ్చాం! థాయ్‌లాండ్‌లో క్రాబీ వైపు, ఫీఫీ లే అనే దీవిలో ఉంటుంది చూడు, నువ్వు ఒకప్పుడు కంప్యూటర్ మీద వాల్‌పేపర్‌గా పెట్టుకుని "రిటైరయ్యాక ఇక్కడే మకాం" అన్నావే, అదే. (ఆ రోజు వెనక ఎవరు నిలబడి విన్నారో, ఏమన్నారో నేను రాయక్కర్లేదు.) వచ్చిన దగ్గర్నుంచీ ఎవరితో మాట్లాడినా చివరికి అక్కడికే పోతున్నాను. సుధ అయితే "ముందు రాఘవకి రాసెయ్, మమ్మల్ని వదిలెయ్" అంది.

నీకే ఎందుకు రాయాలంటే, మనం ఫోన్లో పోట్లాడుకున్నది గుర్తుందిగా. టూరిస్టు కాలు పెట్టిన చోటు ఇక బాగుపడదు, తాళం వేసేయడం ఒక్కటే మందు అన్నావు నువ్వు. నేను కాదన్నాను గానీ నా దగ్గర చూపించడానికి ఏమీ లేకపోయింది. ఇప్పుడు ఉంది.

ఆ తీరం నేననుకున్న దానికంటే చాలా చిన్నది. పొడవు మహా అయితే పావు కిలోమీటరు, చుట్టూ నిట్టనిలువు సున్నపురాయి కొండలు. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాతో దాని పేరు మారుమోగిపోయింది. ఇక చూసుకో, మూసేసే ముందు రోజుల్లో ఆ కాస్త ఇసుక మీదకి రోజుకి 5,000 మంది దాకా, 200 పడవల దాకా వచ్చేవట. ఆ పడవలన్నీ ముందువైపు నుంచి, పగడాల మీదుగానే వచ్చి లంగరు వేసేవి. లంగరు పడ్డ చోట పగడం విరుగుతుంది, ప్రొపెల్లర్ లేపిన ఇసుక మిగతా పగడాన్ని కప్పేస్తుంది, ఆపైన ఇంజన్ నూనె, జనం ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్. పగడంలో చాలా భాగం చచ్చిపోయింది.

2018 జూన్ 1న మూసేశారు. ముందు నాలుగు నెలలే అన్నారు. తీరా చూస్తే అది చాలదని తేలి, మళ్ళీ తెరిచేసరికి 2022 జనవరి వచ్చింది. ఆ మధ్యలో పగడం ముక్కలు తెచ్చి సముద్రం అడుగున ఒక్కొక్కటే నాటారు. కొమ్మల్లా పెరిగే రకమైతే కొంచెం తొందరగా పెరుగుతుంది గానీ బండల్లా ఉండే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగినా గొప్పే. ఇంతవరకూ నీ మాటే నెగ్గినట్టు, తాళం వేశారు కాబట్టే బతికింది. కానీ తాళం తీశాక ఏం చేశారో విను.

గుమ్మం మార్చేశారు రా! ముందువైపు పడవలకి దారే లేదిప్పుడు, తేలే బుడగలు కట్టిన తాడు అడ్డంగా ఉంటుంది. పడవ దీవి చుట్టూ తిరిగి వెనకవైపు 'లో సమా' అనే ఇంకో ఇరుకు చోటుకి పోవాలి. అక్కడ నీళ్ళ మీద తేలే జెట్టీ ఉంది. అది కాలు పెట్టగానే ఊగుతుంది, అందరం ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని దిగాం. అక్కడ్నుంచి చెట్ల మధ్యలో నేలకి ఎత్తుగా వేసిన చెక్కబాట. అటూ ఇటూ దిగడానికి లేదు, వేళ్ళు తొక్కే పని లేదు. కాసేపు నడవగానే చెట్లు తప్పుకుని ఒక్కసారిగా ఆ నీలం కనబడుతుంది. పడవ ఒక్కటి కూడా లేకుండా! నీ వాల్‌పేపర్‌లో కూడా మూలగా ఒక పడవ ఉండేది, దాన్ని చెరపమని నా ప్రాణం తీశావు.

మళ్ళీ తెరిచినప్పుడు ఒక్కసారికి 375 మంది, అదీ గంటసేపే అని పెట్టారు. ఈత లేదు, మోకాళ్ళు దాటి నీళ్ళలోకి దిగకూడదు. మేం ఉండగా ఒకాయన సెల్ఫీ మత్తులో తొడల దాకా వెళ్ళిపోయాడు. రేంజర్ ఈల వేశాడు, ఒక్కటే ఈల, ఆయన వెనక్కి వచ్చేశాడు. ఉపన్యాసం లేదు, గొడవ లేదు. ఆ తర్వాత పాప నా చొక్కా లాగి నీళ్ళ వైపు చూపించింది. పిక్కలోతు నీళ్ళలో మూరెడు సొరచేప పిల్ల! వీపు మీది రెక్క కొస మాత్రం సిరాలో ముంచి తీసినట్టు నల్లగా ఉంది. ఇసుకకి ఆనుకుని మెల్లగా అటు వెళ్ళి ఇటు వచ్చింది, మా వైపు కన్నెత్తి చూడలేదు. ఒకప్పుడు ఆ రద్దీకి కనబడకుండా పోయిన జాతి రా అది, మూసేసిన కొద్ది నెలలకే తిరిగి రావడం మొదలుపెట్టిందట. పాప ఊపిరి బిగబట్టి చూస్తోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాస్తుంటే ఇప్పుడూ...

సరే. నాకు అక్కడ తట్టింది ఇదీ. ఆ తీరాన్ని కాపాడింది మా మంచితనం కాదు. మాలో పగడం గురించి ఏమీ తెలియనివాళ్ళున్నారు, తెలుసుకోవాలని లేనివాళ్ళూ ఉన్నారు, అయినా ఎవరివల్లా పగడం విరగలేదు, ఎందుకంటే విరగ్గొట్టే దారే లేదు. "ప్రకృతిని ప్రేమించండి" అని వంద బోర్డులు పెట్టినా పడవ పగడం మీద నుంచే వస్తే ఏం లాభం చెప్పు? ఇంకోటి, ప్రతి ఏడాదీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మళ్ళీ మూసేస్తారు. ఆ సంగతి అందరికీ ముందే తెలుసు కాబట్టి పడవలవాళ్ళు వేరే పని చూసుకోవచ్చు. ముందే తెలియడం అన్నది ఎంత పెద్ద విషయమో బోరకాయ్ గురించి చదివాక గానీ అర్థం కాలేదు.

బోరకాయ్ ఫిలిప్పీన్స్‌లోది. 10 చదరపు కిలోమీటర్ల దీవి, 2017లో దానికి 20 లక్షల మంది వచ్చారు. హోటళ్ళ మురుగు చాలాచోట్ల శుద్ధి లేకుండా నేరుగా సముద్రంలోకి. గదిలో మాత్రం "తువ్వాలు మళ్ళీ వాడండి, భూమిని కాపాడండి" కార్డులు పెట్టే ఉంటారు, ఎక్కడైనా పెడతారుగా. చివరికి 2018 ఏప్రిల్ 26న దీవి మొత్తం ఆరు నెలలు మూసేశారు. అక్టోబరులో తెరిచేటప్పుడు, మురుగు సంగతి సరిగ్గా చూసుకుని అనుమతులు తెచ్చుకున్న హోటళ్ళకే తలుపులు తీయనిచ్చారు. ఒక్కసారికి దీవిలో 19,215 మంది పర్యాటకులే అని లెక్క కట్టారు. నీళ్ళు బాగుపడ్డాయి, నిజమే. కానీ మూసేస్తున్నామని చెప్పింది మూడు వారాల ముందు రా! పడవ నడిపేవాళ్ళు, గదులు తుడిచేవాళ్ళు, ఒడ్డున చిన్నచిన్నవి అమ్ముకునేవాళ్ళు, ఆరు నెలలు ఏం తిన్నారు? కొంత సాయం అందింది, అందరికీ అందలేదు. అది చదివిన రోజు నాకు మనసు బాగోలేదు. నెల జీతం వచ్చే నీకూ నాకూ తాళం వెయ్యమనడం తేలిక. మురుగు పైపు వేయనిది వాళ్ళు కాదు, పనిపోయింది మాత్రం వాళ్ళకే.

అందుకే మీ పర్యాటక ప్రణాళిక గురించి నాకింత ఆత్రం. మొదటి పేజీలోనే "ఐదేళ్ళలో పర్యాటకుల సంఖ్య రెట్టింపు" అని ఉందన్నావు. ఆ వాక్యం తీయించు, నీ కాళ్ళు పట్టుకుంటాను. తలలు కాదు, రాత్రులు లెక్కపెట్టమను. పొద్దున వచ్చి సాయంత్రం పోయే నలుగురి కంటే నాలుగు రాత్రులు ఉండే ఒక్కడు నయం. రాకపోకల పొగ ఒక్కసారిది, ఖర్చు పెట్టేది మాత్రం నాలుగు రోజులు, అదీ అక్కడే. 2018లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, ప్రపంచం మొత్తం కర్బన ఉద్గారాల్లో సుమారు 8 శాతం పర్యాటకం వల్లేనని, అందులో ప్రయాణాలది పెద్ద వాటా. దీని గురించి రైలు వాళ్ళతో కూడా మాట్లాడి... అది ఇంకో ఉత్తరం అవుతుంది, వదిలేస్తున్నా.

ఇంకొకటి, పరిమితి ఒక్క చోటే పెడితే జనం పక్క తీరం మీద పడతారు. ప్రాంతం మొత్తానికి కలిపి లెక్క వేయాలి. జనం ఎక్కువ వచ్చే నెలల్లో నీళ్ళు ఎన్ని ఉంటాయి, చాలాచోట్ల ఆ నెలలే ఎండిపోయే నెలలు కూడా. చెత్త ఎటు పోతుంది, పడవ ఎటు నుంచి వస్తుంది, ముందు ఇవి. రుసుము పెంచేస్తే సరిపోతుందని మీ బృందంలో ఎవరో అన్నారని రాశావు. భూటాన్ 2022లో భారతీయులు కాని విదేశీయులకి రాత్రికి 200 డాలర్లు పెట్టి, మరుసటి ఏడాదే 100కి తగ్గించాల్సి వచ్చింది. ఉత్త రుసుముతో వచ్చేవాళ్ళు తగ్గుతారు గానీ డబ్బున్నవాడి పడవకి కూడా లంగరు ఉంటుందిగా! ఆ డబ్బు మొదట మురుగుకి, మూసే నెలల్లో పనివాళ్ళ జీతాలకి పోతుందని రాసి పెడితేనే నేను ఒప్పుకుంటాను.

మీటింగులో నువ్వు నోరు విప్పాలి రా. ఒకప్పుడు మన పదిమంది కోసం ఎలా లేచి నిలబడ్డావో అలా. ఆ రోజు నువ్వు మాట్లాడి ఉండకపోతే మన గతి ఏమయ్యేదో నాకు తెలుసు.

అయ్యో, కింద కారు వచ్చేసింది, అమ్మని చెకప్‌కి తీసుకెళ్ళాలి, సుధ రెండోసారి పిలుస్తోంది. పాప గీసిన సొరచేప బొమ్మ ఇందులోనే పెడుతున్నాను, చెల్లెమ్మకి చూపించు. మీ మ్యాపులో పడవలు దిగే చోట్లు ఎక్కడెక్కడ గుర్తుపెట్టారో ఆ పేజీ ఫొటో తీసి వెంటనే పంపు, రెండో చోటు గురించి నాకొక అనుమానం ఉంది, అది

సరే, మూడోసారి పిలిచింది. ఉంటాను.

నీ
శీను